తూముతో ఆగిన లెక్క

మన వంటింటి కొలతల్లో ఒక తమాషా వుంది. మీరెప్పుడైనా గమనించారో లేదో! రెండు గిద్దలు కలిస్తే అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. రెండు కుంచాలు ఇరస. రెండు ఇరసలు తూము. చూశారా, గిద్ద దగ్గర బయలుదేరి తూము దాకా వచ్చాం, ఎక్కడా మూడు అన్నమాట గానీ అయిదు అన్నమాట గానీ లేదు. అన్నీ రెట్టింపులే. ఎనిమిదంటే ఎనిమిది రెట్టింపులకి గిద్ద కాస్తా 256 గిద్దలయి కూర్చుంటుంది. సోలల్లో చెప్పుకుంటే తూముకి 64 సోలలు. ఊరినిబట్టి కొలతలు కొంచెం అటూ ఇటూ అయ్యేవనుకోండి. నేను చెబుతున్నది మా అమ్మమ్మ ఇంట్లో నడిచిన లెక్క.

తూము దాటగానే మాత్రం పెద్దలు పద్ధతి మార్చేశారు. ఇరవై తూములు ఒక పుట్టి అన్నారు. రెట్టింపు అక్కడితో సరి. ఎందుకలా ఆపారని చిన్నప్పుడు అమ్మమ్మనడిగితే, "తూము దాటితే ఆడది ఎత్తలేదే పిచ్చిదానా!" అనేది.

అమ్మమ్మది దివిసీమ. నా కాపురం గుడివాడ. మధ్యలో నాలుగేళ్ళు బందరులో చదువు. 1956లో చట్టం చేసి, 1958 నుంచి దేశంలో కిలోలు ప్రవేశపెట్టినా, అమ్మమ్మ ఇంట్లో పురి విప్పితే చేతికొచ్చేది తూమే. ఆవిడకి కాగితమ్మీద లెక్క రాదు. కానీ రెట్టింపు అంటే ఏమిటో ఆవిడకి తెలిసినంతగా లెక్కల్లో నూటికి నూరూ తెచ్చుకున్న మా మేనమామకి తెలియలేదు. అది తరవాత చెబుతాను.

ఇప్పుడీ రెట్టింపుల దారిలోనే నడుస్తూ, తూము దగ్గర ఆగకుండా 64 మెట్లూ ఎక్కామనుకోండి. పైన మనకోసం ఒక సంఖ్య కూచుని వుంటుంది. ఇదుగో:

1,84,46,74,40,73,70,95,51,615.

ఇరవై అంకెలు. నోటితో చెప్పాలంటే లక్షా 84 వేల 467 కోట్ల కోట్లు, ఆపైన కొంత చిల్లర. ఆ చిల్లర ఎంతనుకున్నారు? 44 లక్షల కోట్లు! 2023-24లో మన కేంద్ర ప్రభుత్వం వేసుకున్న బడ్జెట్టు 45 లక్షల కోట్ల రూపాయలు. దేశం బడ్జెట్టు చిల్లర కింద పోయే సంఖ్యన్నమాట ఇది.

దీని కథ మీకు తెలిసిందే. చదరంగం కనిపెట్టిన పండితుణ్ణి రాజు ఏం కావాలో కోరుకోమంటే, మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా 64 గళ్ళకూ పెట్టి ఇమ్మన్నాడట. ఇంతేనా అని రాజు నవ్వాడట. కేరళలో అంబలప్పుళ కృష్ణుడి గుడిలో ఇదే కథ మరోలా చెబుతారు. అక్కడ పండితుడి వేషంలో వచ్చింది సాక్షాత్తూ కృష్ణుడే. ఓడిపోయిన రాజు బాకీ తీర్చలేక చేతులెత్తేస్తే, రోజూ పాల్పాయసం పంచి తీర్చుకోమన్నాడట. ఇప్పటికీ ఆ గుడిలో ఆ పాయసం పంచుతూనే వున్నారు. బాకీ తీరదని మనకి తెలుసు, పాయసానికి ఢోకా లేదు!

చదరంగం మాటొచ్చింది కాబట్టి మా ఊరి గొప్ప చెప్పుకోకుండా వదలను. కోనేరు హంపి పుట్టింది మా గుడివాడలో, 1987 మార్చి 31న. పదిహేనేళ్ళు దాటీ దాటకుండానే 2002లో గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆడపిల్లల్లో అంత చిన్న వయసులో ఆ హోదా అందుకున్నవాళ్ళు అప్పటికి ప్రపంచంలోనే లేరు. ఓ బిడ్డ తల్లయ్యాక 2019లో ఒకసారీ, 2024లో మరోసారీ మహిళల ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అనిపించుకుంది.

ఇక గింజల సంగతి. రాజుగారి ధాన్యం ఎలా వుండేదో గానీ, మా డెల్టా ధాన్యంతోనే లెక్క వేద్దాం. వెయ్యి గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుందాం. అంటే కిలోకి 50 వేల గింజలు. సన్నరకమైతే ఇంకా ఎక్కువే పడతాయి, సరే. మొదటి వరస ఎనిమిది గళ్ళూ నింపితే 255 గింజలు. పిచ్చిక కూడా ముక్కుతో పొడిచి, ఇంకా ఏవీ అని చూస్తుంది. రెండు వరసలకి 65,535. కిలో, ఆపైన మూడువందల గ్రాములు. 22 గళ్ళకి మా వైపు 75 కిలోల బస్తా నిండి కొంచెం పొర్లుతుంది. ఇక్కడిదాకా రాజుగారి నవ్వులో తప్పేమీ లేదు. మనమైనా నవ్వేవాళ్ళమే.

సగం బల్ల, అంటే 32 గళ్ళు నిండేసరికి సుమారు 1,145 బస్తాలు. ఎకరానికి 28 బస్తాల చొప్పున నలభై ఎకరాల మోతుబరి ఒక పంట. రాజుకి ఇదీ ఓ లెక్క కాదు. కానీ బల్ల ఇంకా సగం మిగిలే వుంది. బెజవాడ బ్యారేజీ కింద కృష్ణా డెల్టా ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు. ఎకరానికి రెండు టన్నులు వేసుకున్నా 26 లక్షల టన్నులు. 47వ గడి నిండకుండానే ఆ పంటంతా ఊడ్చుకుపోతుంది. హంసలదీవి నుంచి ఏలూరు కాలువ దాకా ఎవరి ఇంటా గింజ మిగలదు. ఇంకా 17 గళ్ళు ఖాళీ! ప్రపంచం మొత్తమ్మీద ఏటా పండే ధాన్యం 80 కోట్ల టన్నుల దరిదాపు. అది 56వ గడిలో అయిపోతుంది. మొత్తం 64 గళ్ళూ నింపాలంటే ప్రపంచంలోని రైతులంతా ఒక్క ముద్ద తినకుండా 460 ఏళ్ళు పండించి పోయాలి. మా డెల్టా ఒక్కటే పూనుకుంటే లక్షా 42 వేల పంటలు కావాలి. ఉప్పెనలు రాని ఏళ్ళు చూసుకుని.

ఇంత పెద్ద సంఖ్య అని ఆశ్చర్యపడి ఊరుకుంటే లాభం లేదు. దీని గుణం ఒకటుంది, అది చూడాలి. 1, 2, 4 కలిపితే 7. తరవాతి గడిలో 8. అంతా కలిపితే 15, ఆ తరవాతి గడిలో 16. ఎక్కడ ఆపి చూసినా, ముందు గళ్ళన్నీ కలిపినదానికంటే తరవాతి గడిలో ఒకటి ఎక్కువ వుంటుంది. చివరి 64వ గడి ఒక్కదానిలో వున్నది 92,23,37,20,36,85,47,75,808. ముందున్న 63 గళ్ళూ ఏకమైనా దానికి ఒక్క గింజ తక్కువే. చివర వచ్చిన వాటా ఎప్పుడూ సగానికి పైనే.

ఈ ఒక్క గింజ సంగతి మా వీధిలో తెలిసివుంటే ఎంత బాగుండేదో!

కొన్నేళ్ళ క్రితం ఒకావిడ చక్కటి సంచీ, నవ్వుమొహం వేసుకుని మా ఇంటికొచ్చింది. "అక్కయ్యగారూ, అయిదు వేలు కట్టి చేరండి. మీరు ఇద్దర్ని చేర్చండి చాలు. ఆ ఇద్దరూ చెరో ఇద్దర్ని. మీరు ఇంట్లో కూచునే వుంటారు, డబ్బు నడిచి వస్తుంది" అంది. ఇద్దర్ని చేర్చడం ఎంతసేపు? ఆడపడుచు ఒకతి, తోడికోడలు ఒకతి. నేను కాఫీ ఇచ్చి పంపేశాను. మా వీధి చివరింటావిడ మాత్రం గాజులు కుదువబెట్టి చేరింది. నన్ను పిన్నిగారూ అని పిలిచే పిల్ల. ఆమె చేరిన వరస కింద మరో వరస పడకుండానే ఆ కంపెనీవాళ్ళు బోర్డు పీక్కుని వెళ్ళిపోయారు. "నాదే దురదృష్టం పిన్నిగారూ, కాస్త ముందు చేరాల్సింది" అని ఏడ్చింది.

దురదృష్టం కాదమ్మా, లెక్క! మొదట ఒకరు, తరవాత ఇద్దరు, నలుగురు, ఎనిమిది మంది. ఇదీ చదరంగం బల్లే. వారానికొక వరస చొప్పున చేరుతూ పోతే పదిహేడో వారానికి లక్షా 31 వేలమంది కావాలి. 2011 జనాభా లెక్కల్లో గుడివాడ పట్టణం మొత్తం లక్షా 18 వేల చిల్లర, ఉయ్యాల్లో పిల్లలతో సహా. 26వ వారానికి ఆంధ్రప్రదేశ్ అయిపోతుంది. 33వ వారానికి ప్రపంచంలో మనుషులు చాలరు. కనక ఎక్కడో ఒకచోట తెగకా తప్పదు. ఎక్కడ తెగినా చివరి వరసవాళ్ళు, పైన వున్నవాళ్ళందరికంటే ఒకరు ఎక్కువే వుంటారు. వాళ్ళకి దమ్మిడీ రాదు. ఆ పిల్ల ముందు చేరివుంటే ఇంకెవరి గాజులో పోయేవి, అంతే తేడా. ఇలాంటివాటిని నిషేధిస్తూ మన దేశంలో 1978లోనే చట్టం వచ్చింది. చట్టం ఢిల్లీలో వుంటుంది, సంచీ ఆవిడ గుమ్మంలో వుంటుంది.

రెట్టింపులన్నీ చెడ్డవని కాదు నేననేది. బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయేదాకా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఆ పేరు మేనమామ పేరంత దగ్గరగా వుండేది. వడ్డీమీద వడ్డీ వేస్తూ, నూటికి ఏడు రూపాయల ఇరవై పైసలు ఇచ్చే చోట మీ డబ్బు వుందనుకోండి. పదేళ్ళకి రెట్టింపవుతుంది. 1923లో ఒక రూపాయి అలా వేసివుంటే 2023కి 1,024 రూపాయలు. నూరేళ్ళకి పది రెట్టింపులు, పదకొండో గడి. నిజాయితీగా నడిచే రెట్టింపు నడక ఇంత నెమ్మది. వారం వారం పరిగెత్తేదాన్ని చూస్తే అనుమానం రావద్దూ?

మా అమ్మమ్మకి వచ్చింది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని మింగేసింది. అమ్మమ్మవాళ్ళు గుడి అరుగెక్కి బతికి బయటపడ్డారు గానీ, పురిలో ధాన్యం ఉప్పునీళ్ళలో నాని మొలకెత్తి కుళ్ళిపోయింది. విత్తనాలకి అయిదు తూములు అప్పు తెచ్చుకోవలసి వచ్చింది. తూముకి తూమున్నర, పంటలో కొలిచివ్వాలి. మొదటి ఏడు పొలంలో చౌడు పూసి పంట అంతంతమాత్రమే అయింది. "ఈ ఏడు తిండికుంచుకుని వచ్చే ఏడు ఇద్దాం లేమ్మా" అన్నాడు మా మేనమామ. ఆవిడ ఒప్పుకోలేదు. గిద్ద, అరసోల, సోల అంటూ వేళ్ళు మడిచి, "వాడి తూము ఆగదురా, మన తూము ఆగుతుంది" అని ఏడున్నర తూములూ కొలిచి పంపేసింది. ఆ ఏడు ఒంటిపూట తిన్నారు. ఇవ్వకపోతే రెండో ఏటికి పదకొండుంబావు, మూడో ఏటికి పదహారు తూములు దాటేది. నేను తరవాత కాగితమ్మీద వేసి చూసుకున్నాను. ఆ మూడెకరాలూ మా మేనమామ పిల్లల పేరున ఇప్పటికీ వున్నాయి.

ఈ ఇరవై అంకెల సంఖ్యని తెలుగులో రాసిపెట్టిన మనిషి ఒకడున్నాడు. ఆ సంగతి నాకు బందరులో చదివేటప్పుడు తెలిసింది. పేరు పావులూరి మల్లన. నన్నయగారు రాజరాజనరేంద్రుడి కొలువులో భారతం మొదలుపెట్టిన పదకొండో శతాబ్దం నాటివాడంటారు. కాదు, ఆ పుస్తకం రాసింది అదే పేరుగల మనవడు అని వాదించే పండితులూ వున్నారు. తాతయితేనేం, మనవడయితేనేం! రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, తొమ్మిదో శతాబ్దంలో, మహావీరాచార్యుడనే జైన పండితుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం రాశాడు. దాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చి సారసంగ్రహ గణితం అన్నాడు. అసలు తెలుగులో పుస్తకాలే వేళ్ళమీద లెక్కపెట్టే రోజుల్లో లెక్కల పుస్తకం! అందులో ఒక చంపకమాలలో చదరంగం గళ్ళ రెట్టింపుల మొత్తం ఇరవై అంకెలతోసహా వుంది.

పద్యంలో అంకెలెలా పడతాయంటారా? అంకెలు వేయలేదు, వస్తువుల పేర్లు వేశాడు. చంద్రుడు ఒక్కడే కనక చంద్రుడంటే ఒకటి. అగ్నులు మూడు. వేదాలు నాలుగు, సముద్రాలూ నాలుగే. మన్మథుడి బాణాలు అయిదు. కొండలు ఏడు. దిక్కుల్ని మోసే ఏనుగులు ఎనిమిది. ఒంటికి రంధ్రాలు తొమ్మిది. ఆకాశం సున్న. ఒకట్ల స్థానం నుంచి మొదలెట్టి ఎడమవైపుకి చదువుకుంటూ పోవాలి. చంద్రుడికి శశి అన్నా చంద్రుడే, హిమకరుడన్నా చంద్రుడే. గణానికి లఘువు కావాలంటే ఒక పేరు, గురువు కావాలంటే ఇంకో పేరు. అందులో వుంది కిటుకు. తాటాకు మీద రాసుకునే లేఖకుడు నిద్రమత్తులో ఒక మాట వదిలేశాడనుకోండి. గణం తప్పుతుంది, పద్యం కుంటుతుంది, వినేవాడు "ఆగవయ్యా" అంటాడు. ఉట్టి అంకెలే అయితే ఆ కాపలా ఏదీ? ఇరవై అంకెల్లో ఒకటి జారిపోతే ఎవరికి తెలుస్తుంది? సుమారు క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బెరూనీ కూడా అరబ్బీలో రాసిన ఒక గ్రంథంలో ఇదే మొత్తం చివరి అంకెదాకా కట్టాడు. ఆయన వచనంలో రాశాడు, మనవాడు పద్యంలో కట్టి తాళం వేశాడు.

తాళం సరిగా పడిందో లేదో చూడాలని నాకు బుద్ధిపుట్టింది. ఈ పని మీరూ చెయ్యచ్చు, పప్పు ఉడికేలోపు అవుతుంది. ఇరవై అంకెలూ కలపండి. 87. ఎనిమిదీ ఏడూ 15. ఒకటీ అయిదూ 6. ఇప్పుడు రెట్టింపులు చూడండి. 2, 4, 8, తరవాత 16 అంటే ఒకటీ ఆరూ 7, తరవాత 32 అంటే 5, తరవాత 64 అంటే పది, పదంటే 1. మళ్ళీ 2, 4, 8. ఆరేసి మెట్లకొకసారి చుట్టు తిరుగుతోంది. 64లో పది చుట్లు పోగా మిగిలేది నాలుగు మెట్లు. నాలుగో మెట్టు మీద వున్నది 7. మన మొత్తం తరవాతి గడి కంటే ఒకటి తక్కువ కదా, ఏడులో ఒకటి తీస్తే 6. సరిపోయింది!

కానీ పక్కపక్క అంకెలు రెండు తారుమారైతే ఈ పరీక్ష పసికట్టలేదు. కూడిక మారదు కనక. దానికి చీర మడతల పద్ధతి వుంది. నాలుగు గళ్ళ మొత్తం 15. తరవాతి నాలుగు గళ్ళలో వున్నవి వీటికి సరిగ్గా 16 రెట్లు. కాబట్టి ఎనిమిది గళ్ళ మొత్తం, పదిహేనుని 17తో గుణిస్తే వచ్చే 255. ఇంకో మడత, 255ని 257తో గుణిస్తే పదహారు గళ్ళ 65,535. ఇంకో మడత, 65,537తో గుణిస్తే సగం బల్ల, 4,29,49,67,295. ఆఖరి మడత, దాన్ని 4,29,49,67,297తో గుణించాలి. గళ్ళు 64 అయినా మడతలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. ఈ చిట్కాకి చుట్టం మన పింగళుడి ఛందశ్శాస్త్రంలోనే వుంది. ఇన్ని అక్షరాల పాదానికి గురువులూ లఘువులూ మార్చుకుంటూ ఎన్ని వృత్తాలు పుడతాయి అంటే, రెండేసి రెట్లు అన్నిసార్లు గుణించక్కర్లేకుండా, సగాలు చేసుకుంటూ వర్గాలు కట్టమన్నాడు. 2, 4, 16, 256, 65,536, ఇంకో రెండు వర్గాలు, 64 మెట్లూ ఎక్కేసినట్టే. పద్యం కొలిచే శాస్త్రమే గింజల్నీ కొలిచిందన్నమాట.

ఆ ఆఖరి మడత సంఖ్యకి వేరే చరిత్ర వుంది. 3, 5, 17, 257, 65,537 ఇవేవీ వేరే సంఖ్యలతో నిశ్శేషంగా భాగించబడవు. ఆరోదైన 4,29,49,67,297 కూడా అంతే అయివుంటుందని ఫ్రాన్సులో ఫెర్మా అనే ఆయన పదిహేడో శతాబ్దంలో నమ్మాడు. అంత పెద్దమనిషి మాట కనక చాలా ఏళ్ళు ఎవరూ కాదనలేదు. 1732లో ఆయిలర్ అనే పాతికేళ్ళ కుర్రవాడు దాన్ని 641తో భాగించి చూపించాడు. 67,00,417 వచ్చింది, శేషం లేదు. ఓపిక వుంటే గుణించి చూడండి.

నేను మాత్రం ఆఖరి మడతే గుణించాను. ఫోనుని అడగచ్చుగా అంది మా మనవరాలు. దాని ఫోనులో అంకె పట్టే అర 64 గళ్ళదేనట, అందులో ఇమిడే అతి పెద్ద సంఖ్య ఇదేనట. అయినా నాకు చేత్తో చెయ్యాలనిపించింది. పది అంకెల్ని పది అంకెలతో గుణించడానికి పాత క్యాలెండరు కాగితాలు మూడు పట్టాయి. రెండుసార్లు కాఫీ చల్లారింది. మొత్తం వేసి, పక్కన మల్లన పద్యం పెట్టుకుని, కుడివైపు నుంచి ఒక్కొక్క అంకెకీ టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. బాణాల దగ్గర అయిదు, చంద్రుడి దగ్గర ఒకటి, ఆకాశం దగ్గర సున్న, వేదాల దగ్గర నాలుగు. అలా ఎడమ చివరిదాకా నడిస్తే, ఏనుగు దగ్గర ఎనిమిదీ, ఆఖరున మళ్ళీ చంద్రుడి దగ్గర ఒకటీ నిలబడి వున్నాయి.